తాత బండి అమ్మేది కాదు, తోలేది

పొంగలికి ఇంటిల్లిపాదీ చేరినప్పుడల్లా వచ్చే మాటే ఈసారీ వచ్చింది. వెనక షెడ్డులో టార్పాలిన్ కప్పుకొని పడున్న తాత ఎంజీ బండిని ఏం చేద్దాం?

పెదనాయన అమ్మేద్దామంటారు. ఉత్తరాదిలో పాత బండ్లు పోగేసే ఒకాయన మంచి ధర చెప్పాడట. చిన్నాయనకు మ్యూజియంకు ఇచ్చేస్తే పేరుంటుందని. మా బావ ఇంకో అడుగు ముందుకేసి, పెళ్ళి ఊరేగింపులకు బాడుగకు ఇద్దాం, పూలు చుడితే ఫోటోలు బాగా వస్తాయి అన్నాడు. అవ్వ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే ఒప్పుకోలేదని మా ఇంట్లో అర్థం.

ఈ రాతలు రాసే మేము ముగ్గురం, అంటే తాత మనవళ్ళు ఇద్దరం, మనవరాలు ఒకతి, ఆ రోజు పెద్దల ముందర గట్టిగా మాట్లాడలేకపోతిమి. భోజనాల పంక్తిలో వాదన పెట్టుకుంటే వడ్డించేవాళ్ళకు కష్టం. అందుకే ఇక్కడ రాస్తున్నాం. మా మాట ఒకటే. ఆ బండిని తోలాలి. ఊరి చుట్టూ కాదు, దూరం తోలాలి. టైము పెట్టుకొని, లెక్క కట్టుకొని, రోడ్డు మీద తోలాలి. అట్లా తోలలేమంటే అప్పుడు అమ్మే మాట మాట్లాడదాం.

బండి సంగతి తెలియని చుట్టాలకోసం రెండు ముక్కలు. అది ఎంజీ టీడీ. 1950 నుంచి 1953 వరకు ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. 1250 సీసీ ఇంజను, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. మొత్తం ముప్ఫైవేలకు కాస్త తక్కువగా చేశారు, అందులో ఎక్కువ భాగం అమెరికాకు పోయాయి. మాది నీలగిరి తేయాకు తోటలో ఉద్యోగం చేసిన ఒక దొర సీమకు తిరిగిపోతూ వదిలేసినది. తాత కొనే నాటికి అది నడవదు. లారీలో వేసుకొని కొండ దింపి కోయంబత్తూరు తెచ్చారు. అప్పటికి మాకు పీళమేడు దారిలో రెండు లేతులు, ఒక డ్రిల్లింగు మిషను ఉన్న పట్టరై ఉండేది. పంపుసెట్లకు షాఫ్టులు తిప్పేవాళ్ళం. పత్తి చేలు వదిలి ఇనుము పట్టుకున్న కోవై నాయుళ్ళ కథే మాదీ, కొత్తేమీ లేదు.

ఆ ఇంజనులో ఒక వింత ఉంది. దాని బోల్టుల మర మిల్లీమీటర్ల కొలత, తలకాయ మాత్రం ఇంగ్లీషువాళ్ళ విట్‌వర్త్ స్పానరుకు పట్టే కొలత. ఫ్రెంచి కొలతల మిషన్లున్న ఫ్యాక్టరీలో తయారైన ఇంజను వంశంలోది కాబట్టి అట్లా వచ్చింది. స్పానరు పట్టింది కదా అని ఇంగ్లీషు బోల్టు ఎక్కిస్తే మర చెడిపోతుంది. తాత దీన్ని చూపించి నవ్వేవారట, "ఇది మనలాంటిదే రా, పైకి ఒకటి, లోపల ఒకటి" అని. బయట అరవం, ఇంట్లో తెలుగు మాట్లాడే మనకు ఈ మాట విప్పి చెప్పక్కర్లేదు.

ఇక దూరం తోలడం అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. తాత ట్రంకు పెట్టెలో ఇంగ్లీషు మోటారు పత్రికల కట్ట ఒకటి దొరికింది. వాటిలో ఆయన మాటిమాటికీ చదివి మడతలు నలిగిపోయిన పుటలన్నీ ఒకే పందెం గురించి. ఇటలీలో జరిగే మిల్లె మీలియా. అంటే వెయ్యి మైళ్ళు.

ఈ పందెం పుట్టుక మన ఊళ్ళ పట్టుదలలాంటిదే. ఇటలీ దేశపు మొదటి గ్రాండ్ ప్రీ 1921లో బ్రెషా ఊరి పక్కన జరిగింది. మరుసటి ఏడే దాన్ని మోంజాకు తీసుకుపోయారు. బ్రెషావాళ్ళకు అది తల కొట్టేసినట్టయింది. మాజీ, మాజోత్తి, కాస్తాన్యేతో, కానెస్త్రీని అనే నలుగురు కూర్చొని, ట్రాకు ఏంటికి, దేశమంతా మనకు ట్రాకే అనుకున్నారు. బ్రెషాలో బయలుదేరి రోముదాకా పోయి మళ్ళీ బ్రెషాకే రావాలి. సుమారు 1600 కిలోమీటర్లు, మామూలు రోడ్ల మీద. 1927లో మొదటిసారి జరిగినప్పుడు బ్రెషాలోనే తయారైన ఓఎం బండి గెలిచింది. ఇరవైఒక్క గంటలు పట్టింది. సగటున గంటకు 77 కిలోమీటర్లు. ఆనాటి మట్టిరోడ్ల మీద, ఆనాటి టైర్ల మీద ఆ వేగం ఎంతటిదో పాత బండి తోలినవాళ్ళకే తెలుస్తుంది.

యుద్ధం తర్వాత బండి మీద రాసే నంబరే అది బయలుదేరే వేళ. 722 అంటే ఉదయం 7 గంటల 22 నిమిషాలు. చిన్న బండ్లు ముందురోజు రాత్రే బయలుదేరేవి, పెద్దవి తెల్లవారాక. 1954లో ముందుభాగమే తలుపుగా తెరుచుకునే బుడగలాంటి ఇసెట్టాలు కూడా వెయ్యి మైళ్ళూ పరుగెత్తాయి. మన దేశంలో ప్రీమియర్ కంపెనీ తొలినాళ్ళలో అమర్చి అమ్మిన ఫియట్ 1100 ఉంది చూడండి, తర్వాత పద్మిని అయిన బండికి మూలం, ఆ రకం బండ్లూ ఈ పందెంలో దిగాయి. బొంబాయి ట్యాక్సీ అని మనం తీసిపారేసిన బండి పెద్దలు ఫెరారీలతో ఒకే రోడ్డు మీద పరుగెత్తారు. డాక్టరు, రైతు, గ్యారేజీ ఓనరు, యువరాజు, అందరిదీ ఒకటే గడియారం. తాతకు నచ్చింది ఇదేనని మా అనుమానం.

1955 పందెం కథ మా చిన్నప్పుడు ఇంట్లో రామాయణం తర్వాత అంతగా విన్నది. స్టిర్లింగ్ మాస్ అనే ఇంగ్లీషు కుర్రవాడు, మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్, నంబరు 722. పక్క సీట్లో డెనిస్ జెంకిన్సన్, గడ్డమున్న పొట్టి పత్రికా విలేఖరి. దేశం దేశమంతా తిరిగి ప్రతి మలుపూ, ప్రతి ఎత్తూ, ప్రతి రైలు గేటూ రాసుకున్నారు. ఆ కాగితాన్ని అయిదు మీటర్లకు పైన చుట్టగా చేసి, అద్దం కిటికీ ఉన్న అల్యూమినియం పెట్టెలో పెట్టి, తిప్పుకుంటూ చదివేవాడు జెంకిన్సన్. ఇంజను హోరులో మాట వినబడదు, అందుకని చేతి సైగలు. ఎత్తు మీద అవతల రోడ్డు కనబడదు, కానీ చెయ్యి నిటారుగా చూపితే మాస్ కాలు తియ్యడు. దారిలో కడుపులో తిప్పి బయటికి వంగి కక్కుకుంటే గాలికి జెంకిన్సన్ కళ్ళజోడు ఎగిరిపోయింది. జేబులో రెండోది ఉంది కాబట్టి సరిపోయింది. 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో బ్రెషాకు తిరిగొచ్చారు. సగటున గంటకు 157 కిలోమీటర్ల పైన. ఆ రికార్డు అట్లాగే నిలిచిపోయింది.

ఎందుకు నిలిచిపోయిందో కూడా చెప్పాలి. తాత మాకు ఎప్పుడూ చెప్పని భాగం అది. మేమే పెద్దయ్యాక తెలుసుకున్నాం. 1938లో బొలోన్యాలో ఒక లాంచియా బండి జనంలోకి దూసుకుపోయి పదిమంది చచ్చిపోయారు. అందులో ఏడుగురు పిల్లలు. ప్రభుత్వం పందెం ఆపించింది. తర్వాత మళ్ళీ మొదలైంది. 1957 మే 12న గ్విదిత్సోలో ఊరి దగ్గర, బ్రెషా ఇక ఎంతో దూరం లేదనగా, అల్ఫోన్సో దె పోర్తాగో తోలుతున్న ఫెరారీ టైరు పగిలింది. ఆయన, పక్కనున్న ఎడ్మండ్ నెల్సన్, రోడ్డు పక్కన చూస్తున్న తొమ్మిదిమంది పోయారు. ఆ తొమ్మిదిమందిలో అయిదుగురు పిల్లలు. అక్కడితో మిల్లె మీలియా పందెంగా ముగిసిపోయింది. ఎంజో ఫెరారీ మీద కేసు పెట్టారు, 1961లో కొట్టేశారు.

ఇంట్లో ఎవరైనా "ఆ రోజులే వేరు" అన్నప్పుడు మాకు ఈ పిల్లలు గుర్తుకొస్తారు. రోడ్డు పక్కన గడ్డిమీద నిలబడి చెయ్యి ఊపుతూ ఉన్నవాళ్ళు. పాత బండ్ల మీద ప్రేమ ఉన్నవాళ్ళలో చాలామంది ఈ భాగాన్ని దాటేస్తారు, లేకపోతే "వీరులు" అని పెద్ద మాటలు వాడతారు. తోలినవాళ్ళకు తెలిసే తోలారు. గడ్డిమీద నిలబడినవాళ్ళకు ఏం తెలుసు? ఆ పందెం ఆపడం న్యాయమే. మళ్ళీ రాకూడదు.

అయితే ఇటలీవాళ్ళు దాన్ని మ్యూజియంలో పెట్టి తాళం వెయ్యలేదు. 1977లో, మొదటి పందెం జరిగి యాభై ఏళ్ళు నిండినప్పుడు, వేరే రూపంలో తిరిగి మొదలుపెట్టారు. 1927 నుంచి 1957 లోపల ఆ పందెంలో దిగిన రకం బండ్లకే చోటు. ఇప్పుడు ఏటా నాలుగు వందలకు పైగా పాత బండ్లు బ్రెషానుంచి రోముకు పోయి వస్తాయి. కానీ ముందెవరొచ్చారన్నది లెక్క కాదు. ఇచ్చిన దూరాన్ని ఇచ్చిన సమయంలో సరిగ్గా దాటారా అన్నదే లెక్క.

ఇది ఎట్లా ఉంటుందో లెక్కతో చెప్తాం. ఎనిమిది కిలోమీటర్ల ముక్కను సరిగ్గా పన్నెండు నిమిషాల్లో దాటమంటారనుకోండి. అంటే గంటకు నలభై కిలోమీటర్లు. మోపెడ్ కూడా పోతుంది కదా అంటారు. కానీ ఆ ముక్కలో మూడు హెయిర్‌పిన్ మలుపులు, ఒక ఊరు, ఒక మేకల మంద. మలుపుల్లో పోగొట్టుకున్న సెకన్లు తిన్నని రోడ్డులో సంపాదించాలి. ఎక్కువ సంపాదిస్తే అదీ తప్పే. చివర రోడ్డుమీద అడ్డంగా పరిచిన సన్నటి గొట్టం మీద ముందు చక్రం ఎక్కిన క్షణం సెకనులో నూరోవంతు దాకా నమోదవుతుంది. ముందొచ్చినా శిక్షే, ఆలస్యమైనా శిక్షే. బండి ఎంత పాతదైతే మార్కుల్లో అంత మొగ్గు. గెలిచేది డబ్బున్న కాలు కాదు, పక్క సీట్లో రెండు స్టాప్‌వాచీలు పట్టుకున్న బుర్ర. మన దగ్గరా టీఎస్‌డీ ర్యాలీలని, టైము, వేగం, దూరం లెక్కతో ఇదే పద్ధతిలో నడిపేవి ఉన్నాయి. కొత్త బండ్లవాళ్ళు వాటిలో బాగానే పాల్గొంటున్నారు. పాత బండ్లవాళ్ళే తక్కువ.

ఎందుకు తక్కువో మాకు తెలుసు. మన దేశంలో పాత బండ్ల పండగలు ఎక్కువ భాగం ప్రదర్శనలు. ఆదివారం పొద్దున ఒక హోటలు ముందర జెండా ఊపుతారు, ఇరవై కిలోమీటర్లు మెల్లగా పోతారు, ఇంకో హోటలు పచ్చికమీద నిలబెడతారు. జడ్జీలు వచ్చి బానెట్టు ఎత్తి చూస్తారు. రంగు మెరిసిందా, క్రోమియంలో ముఖం కనబడిందా, తలపాగా కట్టుకొని వచ్చారా. అందులో తప్పేమీ లేదు, పిల్లలకు సంతోషం. కానీ దానివల్ల ఏమవుతుందంటే బండి కొత్తదిగా కనబడాలి. కొత్తదిగా కనబడాలంటే పాతదంతా పీకెయ్యాలి.

మా అనుభవం చెప్తాం, పేరు చెప్పం. పదేళ్ళ కిందట చిన్నాయన ముచ్చటపడి బండిని ఒక పెద్ద ఊళ్ళో పాత బండ్లను "రెస్టోర్" చేసే చోటికి పంపించారు. ఏడాదిన్నర తర్వాత తిరిగొచ్చింది. ఎర్రగా, లడ్డూ మీద నెయ్యిలా మెరుస్తూ. తాత కాలంనాటి ముదురాకుపచ్చ రంగు పోయింది. డాష్‌బోర్డు కింద తాత చేత్తో కొట్టి బిగించిన ఇత్తడి బద్ద పోయింది. కార్బురేటర్లు వేరేవి. పాతవి ఏవని అడిగితే "అరిగిపోయినవి సార్, పారేశాం" అన్నారు. పారేశారో, ఇంకెవరి బండిలో ఎక్కించారో దేవుడికే తెలియాలి. ఇంటికొచ్చిన మొదటి వారం అందరం పక్కన నిలబడి ఫోటోలు దిగాం. రెండో వారం అది తిరుప్పూరు దాకా పోలేదు, అవినాశి దగ్గరే ఆగింది.

దాన్ని మళ్ళీ నడిచేట్టు చేసినది మా పట్టరైలో తాత కాలంనుంచి పనిచేసిన మేస్త్రి. ఆయనకు ఇంగ్లీషు రాదు, తెలుగూ అంతంతే, అరవమే. రెండు కార్బురేటర్లను సమానం చెయ్యడానికి ఆయన వాడే పరికరం ఒక జానెడు రబ్బరు ట్యూబు. ఒక కొన చెవిలో, ఇంకో కొన కార్బురేటరు నోటి దగ్గర. ఒకదాంట్లో గాలి బుస విని, రెండోదాంట్లో విని, స్క్రూ పావు వంతు తిప్పి, మళ్ళీ వినడం. "రెండు పాములూ ఒకటే రాగం పాడాలి" అనేవారు. అరగంటలో ఇంజను మెత్తగా తిరిగింది. ఆయన పోయి మూడేళ్ళయింది. ఆయన చెవిలో ఉన్నదాన్ని మాలో ఒకరు కొద్దిగా పట్టుకున్నారు. కొద్దిగానే. నడవని బండికి ఆ చెవి అక్కర్లేదు కదా! మ్యూజియంకు ఇచ్చేస్తే బండి మిగులుతుంది, ఆ బుస వినే చెవి మిగలదు. పెదనాయనకు, చిన్నాయనకు మేము చెప్పదలచుకున్న మొదటి మాట ఇదే.

మ్యూజియాలంటే మాకు చిన్నచూపు లేదు. కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద జీడీ నాయుడు గారి కుటుంబం నడిపే కార్ల మ్యూజియంకు మేము పిల్లల్ని ఎన్నిసార్లు తీసుకుపోయామో లెక్కలేదు. ఆ జీడీ నాయుడు గారే ఒక మోటారు సైకిలు కొనుక్కోవాలన్న కోరికతో హోటల్లో పనికి కుదిరి డబ్బు కూడబెట్టినవారు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య తిప్పడం మొదలుపెట్టి పెద్ద బస్సు సర్వీసు కట్టినవారు. ఆయన బండి విప్పింది మళ్ళీ బిగించి నడపడానికే.

మన ఊరికి ఇంకో పేరూ ఉంది. మిల్లుల కుటుంబంలో పుట్టిన కరివర్ధన్ ఇక్కడే, కోయంబత్తూరులోనే, తక్కువ ఖర్చులో రేసు బండ్లు తయారు చేసి కుర్రవాళ్ళ చేతికిచ్చారు. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. చెట్టిపాళయంలో ఉన్న ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. 2005లో ఫార్ములా వన్‌లో దిగిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ ఈ ఊరివాడే. ఇన్ని ఉన్న ఊళ్ళో ఒక ఎంజీని పెళ్ళి మండపం ముందర పూలు చుట్టి నిలబెట్టడమా? బావ కోపగించుకోకూడదు.

తాత ఆ బండిలో చేసిన అతి పెద్ద ప్రయాణం షోళవరానికి. మద్రాసుకు ఉత్తరాన, రెడ్‌హిల్స్ దాటాక, యుద్ధకాలపు విమానాల రన్‌వే. దానిమీద ఏటా రేసులు జరిగేవి. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ట్రాకు వచ్చేదాకా దక్షిణాదిలో రేసంటే షోళవరమే. కోయంబత్తూరునుంచి సేలం మీదుగా అయిదు వందల కిలోమీటర్ల పైన. తాత, ఆయన స్నేహితుడొకరు రాత్రంతా తోలి, తెల్లవారి అక్కడ టీ కొట్టు ముందర ఆగితే, నెల్లూరునుంచి వచ్చే లారీ డ్రైవర్లు బండి చుట్టూ మూగారట. తాత తెలుగులో బదులిస్తే ఒకాయన ఆశ్చర్యపోయి, "మీరు ఏ ఊరోళ్ళు సామీ? ఈ తెలుగు మా ముత్తవ్వ మాట్లాడేది" అన్నాడట. తాతకు కోపం వచ్చిందో సంతోషమయిందో ఎవరికీ తెలియదు, కానీ ఈ మాట చివరిదాకా చెప్తూనే ఉండేవారు. మూటగట్టి దాచినదానివల్ల ఈ మాట రాలేదు. బండి అక్కడిదాకా పోయింది కాబట్టి వచ్చింది.

ఇక మా మీద రాబోయే ప్రశ్నలు. అవన్నీ ఇంట్లో వచ్చినవే.

ప్రమాదం కాదా? అవును. నాలుగు డ్రమ్ము బ్రేకులు, సీటు బెల్టు లేదు, తలుపు మోచేతి ఎత్తు. ఇవాళ్టి సేలం బైపాసులో ముందరున్న కొత్త బండి ఒక్కసారిగా ఆగితే మనది ఆగదు. అందుకే ఆ రోడ్డు వద్దంటున్నాం. బెల్టులు బిగించడానికి చోటుంది, చాసీకి చిల్లి పడుతుందని చిన్నాయన బాధపడతారు. పడనివ్వండి. మనిషికి చిల్లి పడటంకన్నా మేలు.

చట్టం? 2021లో కేంద్రం పాత బండ్లకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషనునుంచి యాభై ఏళ్ళు దాటి, మూలరూపం మార్చని బండిని వింటేజిగా నమోదు చేసుకోవచ్చు. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కానీ ఆ నంబరు ఉన్న బండిని రోజువారీ వాడకానికి తియ్యకూడదు. ప్రదర్శనకు, సాంకేతిక పరిశోధనకు, వింటేజి ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మత్తుకు మాత్రమే తియ్యాలి. ఇది కొంత న్యాయం, కొంత తిక్క. నంబరు పోకుండా కాపాడింది, మంచిదే. కానీ అవ్వను గుడికి తీసుకుపోతే అది రోజువారీ వాడకమా, పరిశోధనా? ర్యాలీ అనే మాట అందులో ఉంది కాబట్టి మా ప్రయాణానికి అడ్డు లేదనే మా ఆలోచన. బయలుదేరే ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి కాగితం మీద తీసుకుంటాం.

పెట్రోలు? ఇదే మాకు అసలు భయం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు. ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. ఆ కాలపు ఎస్‌యూ కార్బురేటర్లలో కారకుండా పెట్టినవి బెండు బిళ్ళలు. గొట్టాలన్నీ కొత్త రకం రబ్బరువి మార్చాలి. షెడ్డులో నెలల తరబడి నిలబెడితే ట్యాంకులో అడుగున నీళ్ళు చేరి తుప్పు పడుతుంది. అంటే ఈ కాలంలో బండిని ఊరికే దాచిపెట్టడం కూడా సురక్షితం కాదు. ట్యాంకు ఎండబెట్టి చంపెయ్యాలి, లేదా వాడుతూ ఉండాలి.

పొగ? ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు తోలే బండి పొగ గురించి మాట్లాడేవాళ్ళు ముందు తమ ఇంట్లో రెండో కారు సంగతి చూసుకోవాలి. ఇంతకన్నా దీని మీద రాయం.

డబ్బున్నవాళ్ళ ఆట కదా? ఇటలీకి పోయి దిగాలంటే నిజమే, అక్కడి ప్రవేశ రుసుము మనబోటివాళ్ళకు అందేది కాదు. కానీ పద్ధతికి డబ్బక్కర్లేదు. రెండు స్టాప్‌వాచీలు, ఒక రోడ్డు పుస్తకం, ఒక పెన్సిలు. పద్మిని ఉన్నవాళ్ళు, స్టాండర్డ్ హెరాల్డ్ ఉన్నవాళ్ళు, యెజ్డీ ఉన్నవాళ్ళు రావచ్చు. వీటిలో ఏదో ఒకటి మీ ఇంటి వెనకాలా ఉండే ఉంటుంది.

మేము గీసిన దారి ఇది. కోయంబత్తూరులో తెల్లవారి బయలుదేరి సత్యమంగళం. అక్కడినుంచి దింబం ఘాటు, ఇరవైఏడు హెయిర్‌పిన్ మలుపులు. పులుల అడవి కాబట్టి రాత్రి ప్రయాణం వద్దు. పైన చామరాజనగరం, మైసూరులో మొదటి రాత్రి. రెండో రోజు బెంగుళూరును చుట్టుకొని కోలారు, ముళబాగిలు. మూడో రోజు పలమనేరు, చిత్తూరు, తిరుపతి. ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు. బండి కింద తిరుపతిలో నిలిపి కొండ బస్సులో ఎక్కుతాం, ఘాటు రోడ్డులో పాత బ్రేకులతో సాహసాలు వద్దు. రోజుకు నాలుగు టైము ముక్కలు పెట్టుకున్నాం. ఎక్కడా సగటు నలభై దాటదు. ఊళ్ళు, బడులు ఉన్నచోట టైము లెక్క ఉండదు, ఊరికే మెల్లగా దాటడమే. ఆ గ్విదిత్సోలో పిల్లల కోసం ఈ నియమం మేము ముందే రాసుకున్నాం, మార్చేది లేదు.

దారి పొడుగునా మనవాళ్ళు ఉన్నారు. సత్యమంగళంలో మా అత్తవాళ్ళు. కోలారు, ముళబాగిలు పక్కల తెలుగు మాట్లాడని ఇల్లే తక్కువ. ఎవరి షెడ్డులోనైనా రాత్రికి చోటు, కాస్త వెలుతురు, ఒక బకెట్టు నీళ్ళు దొరికితే చాలు. పడకకు మేము ఏదో చూసుకుంటాం.

ఇది రాసేనాటికి ఇంట్లో లెక్క నాలుగు, మూడు. నలుగురు అమ్మమంటున్నారు. కార్బురేటర్ల బిళ్ళలు మార్చాం, కుడిపక్క కార్బురేటరు ఇంకా చెమ్మగా కారుతోంది. మనవరాలు పెన్సిలు చెవిలో పెట్టుకొని రోజూ సాయంత్రం స్కూటీ మీద అవినాశి రోడ్డులో టైము లెక్కలు సాధన చేస్తోంది, నిన్నటికి నాలుగు సెకన్ల తేడాలోకి వచ్చింది. అవ్వ నిన్న షెడ్డుదాకా నడిచి వచ్చి, టార్పాలిన్ ఎత్తి చూసి, "ఈ ఎర్రరంగు మీ తాతకు నచ్చదు, పచ్చరంగు కొట్టించండి, దింబం దాకా నేనూ వస్తా" అంది. దానితో నాలుగు, నాలుగు అయింది. పెదనాయన ఇంకా ఫోను ఎత్తడం లేదు.